కొండమీది యూనియన్

క్లెగ్‌డెన్, లాంకషైర్
1955 మార్చి 6

ఫ్లోరీకి,

నువ్వు పంపిన రొయ్యల డబ్బా అందింది. నేను తినలేదు, పక్కింటి మిసెస్ గ్రిమ్‌షా తినేసింది. వెన్నలో ముంచినవి నేను ముట్టుకోకూడదట. ఎందుకో చెప్తాను, కంగారుపడకు.

పోయిన నెల చర్చిలో టీ పార్టీ అయ్యాక కడుపులో కుడివైపు పట్టేసింది. అరగలేదేమో అనుకున్నా. మూడోసారి పట్టినప్పుడు వంటింటి నేలమీద పడిపోయాను. కొత్త డాక్టరు వచ్చి నొక్కి చూసి, పిత్తాశయంలో రాళ్లున్నాయన్నాడు. నెల లోపల కోసి తీయాలట. ఇంకో రెండుసార్లు ఇలాగే పడితే తను చేయగలిగిందేమీ ఉండదని మొహంమీదే చెప్పాడు. కుర్రాడే గానీ అబద్ధాలాడడు, ఆ మాట ఒప్పుకోవాలి.

"హై మూర్‌లో మంచం చూస్తానండీ," అన్నాడు.

"హై మూర్ ఎక్కడ బాబూ?"

"కొండమీద, బస్సు ఆఖరి స్టాపు."

"అది యూనియన్ కదా!"

ఇంగ్లండు దక్షిణం వైపు కుర్రాడు, అర్థంకాలేదు. "యూనియనా? మీరు కమిటీలో ఉన్నారే, ఆ నేతగాళ్ల యూనియనా?" అన్నాడు. ఇక నేను అందుకున్నాను. నేతగాళ్ల యూనియన్ వేరు బాబూ, అది చాపెల్ వీధిలో, మేడమీద. మా పాస్టరు పెళ్లిళ్లలో మొగుడూపెళ్లాల చేతులు కలిపి చెప్పే యూనియన్ వేరు. మిసెస్ గ్రిమ్‌షా మంగళవారం మంగళవారం టోపీ పెట్టుకుని పోతుందే, ఆ తల్లుల యూనియన్ వేరు. ఈ ఊళ్లో 'ఫలానావాడు యూనియన్‌కి పోయాడు' అని గొంతు తగ్గించి చెప్పారంటే, వాడికి తిండి పెట్టే దిక్కులేక కొండమీది అనాథల కొట్టంలో చేరాడని. అక్కడ రాళ్లు కొట్టించి గంజి పోసేవాళ్లు. చస్తే పేరు లేని గోతిలో పడేసేవాళ్లు.

"అదంతా పోయి పాతికేళ్లయిందమ్మా. ఇప్పుడు సర్కారు ఆసుపత్రి. ఉచితం. గేటుకి రంగు కూడా వేశారు," అన్నాడు.

"గేటుకి రంగేస్తే ఇల్లు మారిపోతుందా?" అన్నాను.

వేరే ఊరి ఆసుపత్రికి రాయమంటే ఆర్నెల్లు ఆగాలన్నాడు. ఆర్నెల్లే ఆగుతానన్నాను. నెత్తి కొట్టుకుని వెళ్లిపోయాడు. మా ఇంట్లో ఎవరూ ఆ గడప తొక్కలేదు. మా అమ్మ కూడా కోన్‌లో పిన్ని ఇంట్లోనే పోయింది, నీకు తెలుసుగా. ఈ వయసులో ఆ పని నేను మొదలుపెట్టను.

మీ వైపు గాలి ఎలా ఉంది? ఈ ఏడు సెలవులకి సముద్రం ఒడ్డున నీ అద్దె గదులు నిండాయా?

బెర్తా


మోర్‌కమ్
1955 మార్చి 11

బెర్తక్కా,

చదివి ఒళ్లు మండిపోయింది. 1932లో మిల్లు యజమానులు ఒక్కొక్కరికి ఆరేసి మగ్గాలు అంటగడతామన్నప్పుడు పోలీసు గుర్రాలకి ఎదురు నిలబడ్డదానివి. గుర్రం మూతి నీ టోపీకి తగిలినా కదల్లేదు. ఇప్పుడు ఒక మంచానికి భయపడుతున్నావా?

ఆ కుర్రాడు చెప్పినట్టు విను. ఆర్నెల్లు ఆగుతానని నువ్వంటే సరా, ఆ రాళ్లు ఆగొద్దూ? మీ వీధి చివర మిసెస్ టాటర్‌సాల్ కూడా ఆగుతాననే అంది. ఆవిడ అంత్యక్రియల భోజనాలకి పందిమాంసం ముక్కలు కోసింది మనిద్దరమే.

నాకూ ఆ కొండ పడదు. బస్సు అటు తిరిగితే నేను అవతలి వైపు కిటికీలోంచి చూస్తాను. నా కారణాలు నావి. కానీ నాకు అందులో రాళ్లు తీయించుకునే పని లేదు, నీకుంది.

ఇంకో మాట. మీ అమ్మ కోన్‌లో పోయిందని రాశావు. మనం కలిసి పనిచేసినన్నాళ్లూ నెల్సన్ ఊళ్లో అనేదానివి. పిన్ని ఇల్లు మారిందా?

గదులు సగం నిండాయి. ఒక ముసలాయన చిలకతో దిగాడు. ఆయనకన్నా చిలకే మర్యాదగా మాట్లాడుతోంది.

డాక్టరుకి ఊ అను. అన్నావని నాకు రాయి.

ఫ్లోరీ


క్లెగ్‌డెన్
1955 ఏప్రిల్ 2

ఫ్లోరీకి,

ఊ అనలేదు. మళ్లీ రెండుసార్లు పట్టింది. కళ్లు పచ్చబడ్డాయి. పాస్టరు వచ్చి ప్రార్థన చేసి, వెళ్తూ వెళ్తూ "హై మూర్‌లో పూలమొక్కలు బాగా వేశారు సిస్టర్ హోల్డెన్," అన్నాడు. డాక్టరే పంపుంటాడు.

నీకు అనుమానం వస్తే వదలవు. మగ్గంమీద ఒక పోగు తెగినా నాకంటే ముందు నీకే కనబడేది. సరే, విను. మా ఆయన హెరాల్డ్‌కి కూడా చెప్పకుండానే ఆయన్ని సాగనంపాను.

కోనూ కాదు, నెల్సనూ కాదు. మా అమ్మ యూనియన్‌లోనే పోయింది.

నాకప్పుడు పదిహేడు. నాన్న లేడు, తమ్ముళ్లిద్దరూ చిన్నవాళ్లు. ముప్పై ఏళ్లు మగ్గాల దగ్గర నూలుదుమ్ము మింగి అమ్మ గొంతు పూర్తిగా పోయింది. కాళ్లు వాచి లేవలేకపోయేది. పొద్దున ఆరింటికి నేను మిల్లుకి పోతే సాయంత్రందాకా ఆవిడకి మంచినీళ్లిచ్చే దిక్కులేదు. 1909 సెప్టెంబరులో ఒక సోమవారం నేనే కొండెక్కించాను. దారిలో ఏడుసార్లు కూచుంది. గేటు దగ్గర కాగితం మీద సంతకం పెట్టింది నేనే.

నెలకొక్కసారే, మొదటి ఆదివారం, చూడనిచ్చేవాళ్లు. అక్టోబరులో బంగాళాదుంపలు కూరిన రొట్టె కాల్చి, గిన్నెతో సహా గుడ్డలో కట్టుకుని వెళ్లాను. గేటు కాపలావాడు లోపలికి కబురు పంపాడు. కాసేపటికి చారల గౌనులో ఒక పిల్ల వచ్చింది, గుండుతో. "మీ అమ్మ రావద్దంటోంది," అంది. అంతే. గిన్నె అక్కడే పెట్టి వచ్చేశాను.

మళ్లీ వెళ్లలేదు. మార్చిలో పోయిందని కార్డు వచ్చింది. అప్పటికే పూడ్చేశారు.

నన్ను కన్నతల్లి ఆ గేటు దగ్గర నా మొహం చూడనంది ఫ్లోరీ. ఇప్పుడు అదే ఇంట్లో మంచమేసుకుని ఎలా పడుకోను? నేను భయపడుతోంది కత్తికి కాదు. ఇక ఈ సంగతి ఎత్తకు.

బెర్తా


మోర్‌కమ్
1955 ఏప్రిల్ 5

బెర్తక్కా,

దీన్ని మూడుసార్లు రాసి చించాను. ఇప్పుడు రాసింది రాసినట్టే పోస్టులో వేస్తాను, లేకపోతే వేయను.

ఆ గుండు పిల్లని నేనే.

నా ఊరు బేకప్ అనీ, పెద్దమ్మ పెంచిందనీ నీకు చెప్పాను. పెద్దమ్మ లేదు. నాకు నాలుగేళ్లప్పుడు మా నాన్న, మా అమ్మ, నేను ముగ్గురం యూనియన్‌కి పోయాం. గేటు దాటగానే మొగవాళ్లకి ఒక తలుపు, ఆడవాళ్లకి ఒకటి, పిల్లలకి ఒకటి. మా నాన్నని నేను మళ్లీ చూడలేదు. అమ్మని రెండుసార్లు చూశాను, రెండోసారి శవం. దీనికి యూనియన్ అని పేరెందుకు పెట్టారని మన నేతగాళ్ల యూనియన్ ఆఫీసులో ముసలి కార్యదర్శిని ఒకసారి అడిగాను, ఊరికే అడిగినట్టు. చుట్టుపక్కల పదమూడు పేటలవాళ్లు బీదల ఖర్చు తలోకాస్త భరిద్దామని కలిసి కట్టారట, అందుకని. కలిసింది పేటలన్నమాట. మమ్మల్ని మాత్రం విడదీశారు.

నాకు పదకొండేళ్లు. లేవలేని ఆడవాళ్లకి గంజి తాగించే పని నాది. మీ అమ్మది కిటికీ పక్క మంచం. పిచ్చిదని చెప్పారు. ఎప్పుడూ నోరు తెరుస్తుంది, మూస్తుంది, మాట రాదు. నర్సులు నవ్వేవాళ్లు. అది పిచ్చి కాదని నాకు వారం రోజులకి తెలిసింది. నీకు చెప్పక్కర్లేదు. ఎనిమిదొందల మగ్గాల మోతలో మనం ఈ చివర్నించి ఆ చివరికి పెదాలతోనే మాట్లాడుకోలేదూ, ఆవిడా అలాగే మాట్లాడుతోంది. ఆ గదిలో నేత తెలిసినవాళ్లు ఇంకెవరూ లేరు. మొదట 'నీళ్లు' అర్థమైంది. తర్వాత 'దుప్పటి'. నెల తిరిగేసరికి ఆవిడ చెప్పిందల్లా నాకు అర్థమయ్యేది. నేను మిల్లుకి వచ్చిన మొదటిరోజు మగ్గాల షెడ్డులో "దీనికి పెదాల మాట ఎవరు నేర్పారే?" అని నువ్వు ఆశ్చర్యపోయావు. మీ అమ్మే నేర్పింది.

చేరిన రోజునే పేలని చెప్పి అందరికీ గుండు చేసేవాళ్లు. ఆవిడకీ చేశారు. ఆ ఆదివారం నువ్వొచ్చావని చెప్తే ఆవిడ రెండు చేతులూ తలమీద పెట్టుకుంది. "జుట్టు పెరిగేదాకా రావద్దని చెప్పు మా పెద్దదానికి. ఇలా చూస్తే దడుచుకుంటుంది," అంది. ఈ మాటే, అక్షరం పొల్లుపోకుండా.

నేను పరిగెత్తుకుంటూ వచ్చాను. కాపలావాడు "త్వరగా ఏడువు పిల్లా!" అని అరిచాడు. నాకు ఆయాసం, భయం. "రావద్దంటోంది," అనేశాను. మిగతాది చెబుదామనుకునేలోపు నువ్వు గిన్నె కిందపెట్టి వెనక్కి తిరిగావు. నీ బూడిదరంగు శాలువా గోడ తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాను. పిలవలేదు.

ఆ రొట్టెలో సగం కాపలావాడు తిన్నాడు. మిగిలింది గౌనులో దాచి తీసుకెళ్లాను. మీ అమ్మ తింది. "ఉప్పు తక్కువేసింది," అంది.

డిసెంబరుకి జుట్టు చెవులదాకా వచ్చింది. అప్పట్నించి ప్రతి మొదటి ఆదివారం నాచేత దువ్వించుకుని కూచునేది. డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి. ఫిబ్రవరిలో నన్ను దగ్గరికి పిలిచి, "నువ్వు దానికి ఏం చెప్పావే?" అంది. చెప్పాను. కొడుతుందనుకున్నా. కొట్టలేదు. కిటికీలోంచి చూసి, "రాదు. పంతంలో అది నా కూతురే," అంది. కబురు పంపడానికి మమ్మల్ని గేటు దాటనిచ్చేవాళ్లు కాదు.

పన్నెండేళ్లు నిండగానే నన్ను మిల్లుకి తోలారు, నీ పక్క మగ్గాలకి. నువ్వు పేరు చెప్పగానే తెలిసింది. అప్పుడే చెప్పాల్సింది. చెప్తే నేను యూనియన్ పిల్లనని షెడ్డంతా తెలుస్తుంది, నా పక్కన ఎవరూ టీ తాగరు. తర్వాత ఇంకో భయం పట్టుకుంది. నా పెళ్లిలో పాస్టరు మా యూనియన్‌ని దీవిస్తుంటే చర్చిలో నావైపు బెంచీల్లో కూచున్నది నువ్వొక్కదానివే. నిన్ను పోగొట్టుకుంటే నాకింకెవరూ లేరు. అలా ముప్పై అయిదేళ్లు నీకు నాలుగడుగుల దూరంలో నిలబడి నోరు మూసుకున్నాను.

క్షమించమని అడగను. మీ అమ్మ నిన్ను వద్దనలేదు. అది నీకు తెలియాలి. తెలిశాక ఆ కొండ ఎక్కుతావో లేదో నీ ఇష్టం.

ఫ్లోరీ


క్లెగ్‌డెన్
1955 ఏప్రిల్ 9

మిసెస్ క్రాబ్‌ట్రీకి,

ఉత్తరం అందింది. ఇకమీదట రాయవద్దు. రొయ్యలు పంపవద్దు.

బి. హోల్డెన్


మోర్‌కమ్
1955 ఏప్రిల్ 28

బెర్తక్కా,

రాయవద్దన్నావు, రాస్తున్నాను. ఒకసారి నోరు మూసుకుంటే ఏమైందో చూశాను, రెండోసారి మూసుకోను.

మిసెస్ గ్రిమ్‌షా కార్డు రాసింది. నువ్వు నిమ్మపండు రంగుకి వచ్చావట, మెట్లు కూచుని దిగుతున్నావట. డాక్టరు మంచం ఇంకా పట్టి ఉంచాడట. మే పదిహేను దాటితే వేరేవాళ్లకి ఇచ్చేస్తారట.

నామీద కోపం ఉంచుకో. నేను చచ్చేదాకా ఉంచుకో, ఆ హక్కు నీకుంది. కానీ కోపం ఉంచుకోవాలన్నా నువ్వు బతికుండాలి కదా. ముందు ఆ రాళ్లు తీయించుకో. తర్వాత తీరిగ్గా నన్ను తిట్టు, కూచుని వింటాను.

మీ అమ్మ మంచం పక్కన నేనున్నానన్నదే నాకున్న ఒక్క ఊరట. నీ మంచం పక్కన ఎవరున్నారు? మిసెస్ గ్రిమ్‌షాయా? ఆవిడ నీ జెల్లీ కూడా తినేస్తుంది.

జవాబు రాయక్కర్లేదు. డాక్టరుకి మాత్రం చెప్పు.

ఫ్లోరీ


హై మూర్ ఆసుపత్రి, నాలుగో వార్డు
1955 మే 18

ఫ్లోరీకి,

పెన్సిలుతో రాస్తున్నాను. ఇక్కడ దుప్పట్లకి సిరా అంటితే సిస్టర్ చంపేస్తుంది.

పదో తారీఖున చేరాను. నన్నెవరూ మోసుకురాలేదు, బస్సెక్కి వచ్చాను. మిసెస్ గ్రిమ్‌షా సంచీ పట్టుకుంది. గేటు తెరిచే ఉంది, కాపలావాడు లేడు. అక్కడ మాత్రం కాళ్లు కదల్లేదు. బస్సు కండక్టరు చూసి, "బామ్మా, లోపలికేనా, వెనక్కి తీసుకెళ్లనా?" అన్నాడు. "నీ పని నువ్వు చూసుకో," అని నడిచాను. వాడిమీద కోపంతోనే గేటు దాటేశాను, చూసుకోలేదు.

పన్నెండున కోశారు. పదకొండు రాళ్లు. సీసాలో వేసి మంచం పక్కన పెట్టారు, ప్రతి ఒక్కరూ వచ్చి చూసిపోతున్నారు. పొట్టమీద కుట్లు కోటు బొత్తాముల్లా ఉన్నాయి. నవ్వితే నొప్పి. నవ్వే పని పెద్దగా పడ్డంలేదులే. నిన్న డాక్టరు చెప్పాడు, ఇంకో వారం ఆలస్యమై ఉంటే తను వచ్చేది నా అంత్యక్రియలకేనట.

లేవనిచ్చిన రోజు పాత ఆడవాళ్ల వార్డు ఎక్కడని అడిగాను. ఇక్కడి పిల్లలెవరికీ తెలియదు. గచ్చు తుడిచే ముసలావిడ చూపించింది. ఇప్పుడు దుప్పట్లు దాచే గది. కిటికీలోంచి చూశాను. రోడ్డు కనిపిస్తుంది ఫ్లోరీ, కింద మన వీధి మలుపుదాకా. ఎవరు కొండెక్కి వస్తున్నా కనిపిస్తారు. ఆ దుప్పట్ల మధ్య కూచుని చాలాసేపు ఏడ్చాను. కుట్లు లాగాయి. అయినా ఏడ్చాను.

నీమీద కోపం పోలేదు. పోయిందని రాస్తే నువ్వే నమ్మవు. నా పెళ్లి, నీ పెళ్లి, హెరాల్డ్ పోవడం, అన్నిటికీ నా పక్కనే ఉండి ఆ మాట కడుపులో పెట్టుకున్నావు. ఉప్పు తక్కువేశానన్న మాట ఒక్కటైనా చెప్పి ఉండాల్సింది. దాన్నే పట్టుకుని బతికేదాన్ని.

పడుకుని పడుకుని ఇంకో లెక్క తేలింది. నువ్వు పదకొండేళ్ల పిల్లవి. సగం మాట చెప్పావు. నేను పదిహేడేళ్లదాన్ని, మగ్గాలు నడుపుతున్నదాన్ని. నవంబరులో ఒక ఆదివారం ఉంది. డిసెంబరులో ఒకటి, జనవరిలో ఒకటి, ఫిబ్రవరిలో ఒకటి. కింద మలుపులో నిలబడి కొండవైపు చూసి నాలుగుసార్లూ ఇంటికి పోయాను. వెళ్లి ఆ గేటు బాదలేదు. 'వద్దంటే ఆ మాట నా మొహంమీదే చెప్పమను' అని గొడవ చెయ్యలేదు. మిల్లు యజమానులతో అయితే చేసేదాన్ని. అది నువ్వు నాకు చెయ్యలేదు, నేనే చేసుకున్నాను. ఇన్నేళ్లూ ఆవిడ నన్ను కాదన్నదని చెప్పుకుంటే ఈ నాలుగు ఆదివారాలు లెక్కలోకి రాకుండా పోయాయి.

చేరిన రోజు గుమస్తా అడిగాడు, "దగ్గరి బంధువులెవరమ్మా?" అని. నీ పేరు చెప్పాను. "వరసేమవుతుంది?" అన్నాడు. చెల్లెలన్నాను. కాదని రుజువు చెయ్యడానికి ఎవడొస్తాడు? ఇక్కడ ఆదివారం చుట్టాలనే రానిస్తారు, రెండింటినుంచి మూడింటిదాకా.

ఈ ఆదివారం రా. నీకు ఆ గేటు దగ్గర కాళ్లు ఆడవని తెలుసు. నాకూ ఆడలేదు. అక్కడ నిలబడి ఆలోచించకు. అక్క పడుకుందనీ, రావద్దందనీ, వేళ కాదనీ ఎవరేం చెప్పినా వినకు. లోపలికి వచ్చెయ్యి. ఎడమవైపు మూడో మంచం నాది.

బెర్తా